బడ్జెట్ ఏవీ రిసీవర్: కొన్నవాళ్ల మాట ఎంతవరకు నమ్మాలి?

నలభై వేల లోపు ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని హోమ్ థియేటర్ స్పీకర్లకు పంచే యాంప్లిఫయర్) ఒకటి చూసి పెట్టుకున్నాం, కొన్నవాళ్లంతా బాగుందనే రాశారు, తీసుకోవచ్చా అని అడిగే ఉత్తరాలు ఆగకుండా వస్తున్నాయి. రివ్యూలు నమ్మి కొన్నాం, డబ్బులు బూడిదలో పోసినట్టయింది అని రాసేవాళ్లూ తక్కువేం లేరు. ఇద్దరూ చదివినవి ఇంచుమించు అవే రివ్యూలు. అందుకే ఈ వారం మిగతా సందేహాలు పక్కన పెట్టి వీటికే జవాబిస్తున్నాను. 5.1 అంటే ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ అన్న ఒక్క మాటతో సరిపెడతాను, మొదటి పాఠాల దగ్గర మొదలుపెట్టను. రాసినవాళ్లకు అవి బాగానే తెలుసు.

ప్రశ్న: ఒకే ధరలో రెండు రిసీవర్లు ఉన్నాయి. ఒకదాని డబ్బా మీద ‘మొత్తం 700 వాట్లు’ అని ఉంది, రెండోదాని మీద ‘చానల్‌కు 80 వాట్లు’ అనే ఉంది. కొన్నవాళ్లు మొదటిదాన్నే ‘ఇల్లు దద్దరిల్లుతోంది’ అని మెచ్చుకుంటున్నారు. ఏది తీసుకోవాలి సార్? (నయీంనగర్, హనుమకొండ)

జవాబు: పెద్ద అంకెను వదిలేసి దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న లైను చదవండి. ‘6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక చానల్’ అని ఉందనుకోండి. ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకు చూపే నిరోధం, డిస్టార్షన్ అంటే శబ్దం చెడిపోవడం, చానల్ అంటే ఒక స్పీకర్‌కు వెళ్లే దారి. ఒక్క చానల్‌నే నడిపి, ఒకే ఒక్క స్వరం వాయించి, శబ్దం బాగా చెడిపోయేదాకా పెంచి కొలిచారన్నమాట. ఆ అంకెను చానళ్ల లెక్కతో గుణించి డబ్బా మీద వేస్తారు. సినిమాలో ఐదు స్పీకర్లూ ఒక్కసారిగా మోగాల్సి వచ్చినప్పుడు ఆ పవర్ రాదు. రెండోదాని మీద ‘8 ఓమ్స్, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం డిస్టార్షన్, రెండు చానళ్లు’ అని ఉంటే ఆ 80 వాట్లు నిఖార్సయినవి. అదే తీసుకోండి.

అమెరికాలో యాంప్లిఫయర్ వాట్లు ఎలా చెప్పాలో 1974లోనే నిబంధన పెట్టారు. 2024లో దాన్ని ఇంకా బిగించారు. 8 ఓమ్స్ మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిచిన అంకే చెప్పాలి. హనుమకొండ చౌరస్తాలో డబ్బులు లెక్కపెట్టి ఇచ్చే మనిషికి కూడా అంత స్పష్టంగా చెప్పాల్సిందేనని నా పట్టుదల.

అసలు ఆ 80 వాట్లు 160 అయినా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. మామూలు హాల్లో సినిమా చూసేటప్పుడు ఒక్కో స్పీకర్‌కు సగటున వెళ్లేది నాలుగైదు వాట్లకు మించదు. కాబట్టి వాట్లు చూసి రిసీవర్ ఎంచుకోవడం మానేయండి.

ఇక ‘ఇల్లు దద్దరిల్లుతోంది’ అన్న మాట. చాలా రివ్యూలు డబ్బా విప్పిన వారంలోపే రాస్తారు. ప్యాకింగ్ బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది, బేస్ అదిరింది, అంతే. రిసీవర్ సంగతి తెలిసేది మన దగ్గర ఒక ఎండాకాలం, ఒక ఉరుముల కాలం గడిచాకే. ఆరు నెలలు దాటాక రాసినవి వెతకండి. ‘హెచ్‌డీఎంఐ పోర్టు పోయింది’, ‘దానంతటదే ఆగిపోతోంది’, ‘సర్వీస్‌కు హైదరాబాద్ పంపమన్నారు’ అనే మాటలు పదేపదే కనిపిస్తే ఆ మోడల్‌ను వదిలేయండి. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ల మాట కూడా ఆచితూచి తీసుకోవాలి. ఎందుకో కింది ఉత్తరం చూడండి.

ప్రశ్న: కొత్త రిసీవర్ కొన్నాను. టీవీ శబ్దం రిసీవర్‌కు రావడానికి టీవీ ఏఆర్‌సీ పోర్టు నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కలిపాను. సినిమా పెడితే ముందు రెండు స్పీకర్లే మోగుతున్నాయి, మిగతావి మూగబోయాయి. రివ్యూల్లో చాలామంది ఇదే రాశారు. పీస్ మార్పించమంటారా? (రైల్వే ఉద్యోగి, కాజీపేట)

జవాబు: మార్పించకండి. ముందు రిసీవర్ మెనూలో టెస్ట్ టోన్ పెట్టండి. అన్ని స్పీకర్లూ వరుసగా మోగితే రిసీవర్, వైర్లు బాగున్నట్టే. తర్వాత సినిమా నడుస్తుండగా రిసీవర్ డిస్‌ప్లే చూడండి. అక్కడ ‘పీసీఎం’ అనో ‘స్టీరియో’ అనో కనిపిస్తే, టీవీయే రెండు చానళ్లు మాత్రం పంపి మిగతాది మింగేస్తోంది. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఔట్‌పుట్ పీసీఎంలో ఉంటుంది. దాన్ని ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ వీటిలో ఏది ఉంటే దానికి మార్చండి. సీఈసీ (హెచ్‌డీఎంఐ గుండా పరికరాలు ఒకదాన్నొకటి నడిపించే సౌకర్యం) ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి, అది ఆఫ్‌లో ఉంటే చాలా టీవీల్లో ఏఆర్‌సీ పనిచేయదు. సెట్‌టాప్ బాక్స్ వాడితే దానిలోనూ ఇదే సెట్టింగ్ విడిగా ఉంటుంది.

2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన మామూలు ఏఆర్‌సీయే ఓటీటీ సినిమాలకు సరిపోతుంది. ఓటీటీల 5.1 శబ్దం వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ దాని మీద నడుస్తుంది, టీవీ సహకరిస్తే అందులోని అట్మాస్ (తల మీది నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) కూడా వస్తుంది. బ్లూరే డిస్కుల్లోని, నాణ్యత తగ్గని డాల్బీ ట్రూహెచ్‌డీ శబ్దం టీవీ మీదుగా రావాలంటేనే ఏఆర్‌సీకి మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ కావాలి. ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్లకు డాల్బీ డిజిటల్ ప్లస్ అందదు, మామూలు డాల్బీ డిజిటల్ వరకే. కొన్ని యాప్‌లు కొన్ని టీవీల్లో స్టీరియోనే ఇస్తాయి, సినిమా పేరు పక్కన 5.1 గుర్తు ఉందో లేదో చూడండి.

ఈ ఒక్క సెట్టింగ్ వల్ల ఎంతమంది మంచి రిసీవర్‌ను వెనక్కి పంపేశారో అనిపిస్తుంది. ఒకే పనికి ఒక్కో టీవీలో ఒక్కో పేరు, అదీ మూడు మెనూల అడుగున. రిసీవర్ కలిపినట్టు టీవీకి తెలుస్తూనే ఉంటుంది. ‘5.1 పంపమంటారా?’ అని తెర మీద ఒక్క ప్రశ్న వేస్తే సరిపోయేది. ఆ ప్రశ్న వేయని డిజైనర్ల నిర్లక్ష్యానికి కొన్నవాళ్లు తిరిగి తిరిగి అలసిపోతున్నారు, తప్పు చేయని వస్తువు పేరు చెడుతోంది.

ప్రశ్న: ఫైటింగ్ వస్తే చెవులు పగిలిపోతున్నాయి, మాటలు మాత్రం వినిపించవు. రిమోట్ చేతిలోంచి దించడం లేదు. అమ్మినతను ఇంకా ఖరీదైన సెంటర్ స్పీకర్ కొనమంటున్నాడు. (ఉపాధ్యాయురాలు, జనగామ)

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండి మేడమ్. రిసీవర్‌తో వచ్చిన మైకుతో ఆటో సెటప్ చేసేటప్పుడు కూలర్, ఫ్యాన్ నడుస్తున్నాయా? అయితే ఆ కొలతలు పనికిరావు. తెల్లవారుజామున అన్నీ ఆపేసి, మైకును మీరు కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో పెట్టి మళ్లీ చేయండి. స్పీకర్లన్నీ ‘స్మాల్’లో, క్రాసోవర్ (దానికి కిందున్న బేస్ సబ్‌వూఫర్‌కు వెళ్లే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట డైనమిక్ రేంజ్‌ను, అంటే పెద్ద మోతకూ చిన్న శబ్దానికీ మధ్య తేడాను, తగ్గించే నైట్ మోడ్ వాడండి. సెంటర్ స్పీకర్ టీవీ స్టాండ్ కింది అరలో ఉంటే ముందుకు జరిపి, ముఖం కొంచెం పైకి ఎత్తండి.

ఇంకో మాట. మన ఇళ్లలో కింద టైల్స్ లేదా గ్రానైట్, చుట్టూ ఖాళీ గోడలు. మాట అక్కడా ఇక్కడా తగిలి ముద్దగా వినిపించేది అందుకే. స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి జంపఖానా పరవండి. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కిన జంపఖానాలు మన వరంగల్ కొత్తవాడలోనే నేస్తున్నారు. కిటికీలకు బరువైన కర్టెన్లు కూడా వేస్తే తేడా మొదటి రోజే తెలుస్తుంది. కొత్త సెంటర్ స్పీకర్ కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది దీని మీద.

ప్రశ్న: మే నెలలో సినిమా సగంలో రిసీవర్ ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ ఆన్ అవుతుంది. అద్దాల షోకేసులో ఉంది, పైన సెట్‌టాప్ బాక్స్ పెట్టాం. (గోదావరిఖని)

జవాబు: కారణం మీ ఉత్తరంలోనే ఉంది. రామగుండం ఎండల్లో గది గాలే వేడెక్కి ఉంటుంది. ఈ ధరలోని రిసీవర్లు పైనున్న జాలీ గుండానే వేడి వదులుతాయి, ఆ జాలీని మీరు మూసేశారు. బయటికి తీయండి, పైన జానెడు ఖాళీ ఉంచండి. తర్వాత కూడా ఆగితే స్పీకర్ వైరు పోగు ఒకటి పక్క టెర్మినల్‌కు తగులుతోందేమో చూడండి. 4 ఓమ్స్ స్పీకర్లు కలిపారా అన్నదీ చూడండి, చాలా బడ్జెట్ రిసీవర్లు 6 ఓమ్స్ కంటే తక్కువను మోయలేవు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రిసీవర్ నడపొద్దు. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు కేబుల్ టీవీ వైరు, లాన్ కేబుల్ కూడా పీకేయండి. పిడుగు పడినప్పుడు ఆ వైర్ల గుండా వచ్చే దెబ్బకే హెచ్‌డీఎంఐ బోర్డులు పోతుంటాయి.

ప్రశ్న: రిసీవర్ బిగించిన అబ్బాయి ఒక ఆండ్రాయిడ్ బాక్స్ కూడా ఇచ్చాడు. చందా లేకుండా అన్ని ఓటీటీలూ వస్తాయి. బిగించేటప్పుడు ‘ప్లే ప్రొటెక్ట్’ ఏదో ఆపేశాడు. అప్పటినుంచి నెట్ స్లో అయింది. రిసీవర్ వైఫైలో తప్పుందా? (కరీంనగర్)

జవాబు: ఈ వారం ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. రిసీవర్‌లో తప్పు లేదు. ఆ అబ్బాయి ఆపేసిన ప్లే ప్రొటెక్ట్, ప్రమాదకరమైన యాప్‌లను పట్టే గూగుల్ రక్షణ. ఈ జవాబు చదవడం అయ్యాక కాదు, ఇప్పుడే లేచి ఆ బాక్స్ ప్లగ్గు పీకండి.

2024 డిసెంబర్‌లో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ సుమారు 30,000 పరికరాలకూ వాటిని నడిపిస్తున్న నేరగాళ్లకూ మధ్య సంబంధం తెంచేసింది. అవి డిజిటల్ ఫొటో ఫ్రేములు, మీడియా ప్లేయర్లు. వాటిలో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) అమ్మకానికి ముందే ఎక్కి ఉంది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ పేరుతో హెచ్చరిక ఇచ్చింది. పేరు తెలియని టీవీ బాక్సులు, ప్రొజెక్టర్ల వంటివి కొనకముందే గానీ, సెటప్‌లో వేయించే యాప్‌ల ద్వారా గానీ చెడిపోయి ఉంటున్నాయని అందులో చెప్పింది. అనుమానించాల్సిన గుర్తులు కూడా ఇచ్చింది: ఉచితంగా అన్నీ వస్తాయనడం, ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం. మీ బాక్స్‌లో రెండూ ఉన్నాయి.

ఇలాంటి బాక్సులు మీ ఇంటి ఇంటర్నెట్‌ను వేరేవాళ్లకు దారిగా అమ్ముకుంటాయి. ఎక్కడో ఉన్న మోసగాడు మీ కనెక్షన్ గుండా నేరం చేస్తాడు. రికార్డుల్లో పడేది మీ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ కనెక్షన్ గుర్తింపు సంఖ్య. విచారణకు వచ్చినవాళ్లు తట్టేది మీ తలుపు, సంతకం పెట్టాల్సింది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు. చాలా ఇళ్లలో అది రిటైరైన నాన్న పేరు మీద ఉంటుంది.

అంతటితో ఆగదు. 2025 ఏప్రిల్‌లో ఎయిర్‌ప్లే (యాపిల్ ఫోన్ల నుంచి పాటలు స్పీకర్లకు పంపే పద్ధతి) సాఫ్ట్‌వేర్‌లో లోపాలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని వల్ల అదే వైఫైలో ఉన్న దుండగుడు, యజమాని ఏమీ నొక్కకుండానే, స్పీకర్లలోకీ రిసీవర్లలోకీ దూరగలడు. రిపేర్ వచ్చింది, కానీ దాన్ని అప్‌డేట్‌గా ఇంటింటికీ చేర్చాల్సింది ఆయా తయారీదారులు. కొన్నేళ్ల నాటి చవక మోడల్‌కు ఆ అప్‌డేట్ వస్తుందన్న భరోసా ఎవరిస్తారు? చాలా రిసీవర్లను వైఫై ద్వారా నడిపించే పోర్టుకు పాస్‌వర్డే ఉండదు. ‘ఇంటి వైఫైలో ఉన్నవాళ్లంతా మనవాళ్లే’ అన్న నమ్మకంతో అలా తయారుచేశారు. ఆ ఉచిత బాక్స్ ఇంట్లోకి రాగానే ఆ నమ్మకం పోయినట్టే.

కాబట్టి బాక్స్‌ను ఎవరికీ ఇచ్చేయకండి, ఈ-వేస్ట్‌లో వేయండి. దానిలో టైప్ చేసిన ప్రతి అకౌంట్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ (ఇంట్లోని పరికరాలు తమంతట తామే బయటి నెట్‌కు దారి తెరుచుకునే సౌకర్యం) ఆపండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రిసీవర్‌ను గెస్ట్ వైఫైకి మార్చండి, ఫోన్ నుంచి పాటలు పంపాలంటే ఆ కాసేపు ఫోన్‌నూ దానికే కలపండి (కొన్ని రౌటర్ల గెస్ట్ వైఫైలో ఇది కుదరకపోవచ్చు). నెట్ పాటలు అక్కర్లేకపోతే రిసీవర్‌కు వైఫై ఇవ్వనే వద్దు. హెచ్‌డీఎంఐ గుండా వచ్చే సౌండ్‌కు ఇంటర్నెట్‌తో పనే లేదు. అప్‌డేట్ చేయాల్సినప్పుడు కలిపి, అయ్యాక తీసేయండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే రిసీవర్ మళ్లీ లేవకపోవచ్చు, గాలివాన రోజు ఆ పని పెట్టుకోకండి.

రివ్యూలు రాసేవాళ్లకు నా విన్నపం: బేస్ సంగతితో పాటు ఆఖరి అప్‌డేట్ ఏ నెలలో వచ్చిందో కూడా రాయండి. మీ తర్వాత కొనేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చే సమాచారం అదే. డబ్బా మీద ‘ఇన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తాం’ అని ఒక్క లైను రాయని కంపెనీ రిసీవర్‌ను, ఎంత బాగా మోగినా, నెట్‌కు కలపమని నేను చెప్పను.

ప్రశ్న: మూడేళ్లు వాడిన రిసీవర్ సగం ధరకు వస్తోంది. తీసుకోవచ్చా అన్నా? (మంచిర్యాల)

జవాబు: తీసుకోవచ్చు తమ్ముడూ, కానీ వాళ్లింట్లోనే గంటసేపు మోగించి చూడు. ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టునూ విడివిడిగా పరీక్షించు, ఏఆర్‌సీ పోర్టును తప్పనిసరిగా. నీ టీవీ 4కే అయితే హెచ్‌డీసీపీ 2.2 (4కే సినిమాలకు కావాల్సిన కాపీ రక్షణ) ఉందో లేదో అడుగు. సెటప్ మైకు అడిగి తీసుకో. వాళ్ల వైఫై పాస్‌వర్డ్, మ్యూజిక్ అకౌంట్లు అందులోనే ఉంటాయి కాబట్టి, డబ్బులిచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ వాళ్ల చేతే చేయించు.