పాత టోపోషీట్లతో ఒక చిన్న టౌన్ గతం ఎంతవరకు తెలుసుకోవచ్చు?

మీరు అడిగింది ఇదీ కదా, ఒక చిన్న టౌన్ మీద పుస్తకాలేం లేవు, పాత ఫొటోలూ పెద్దగా లేవు, నేల ఎత్తుపల్లాలు, వాగులు, రోడ్లు, ఇళ్లు చూపించే ఒక పాత టోపోగ్రాఫిక్ మ్యాప్, అంటే టోపోషీట్, దాని స్కాన్ మాత్రం దొరికింది, దాన్ని పట్టుకుని ఊరి గతం తెలుసుకోవచ్చా అని. చాలానే తెలుసుకోవచ్చండి, కాకపోతే ఒక్క మ్యాప్‌తో పని అవ్వదు. కనీసం రెండుండాలి, మధ్యలో ఇరవై ముప్పై ఏళ్ల తేడా ఉండాలి. ఒక్క షీట్ చూస్తే ఆనాడు ఊరు ఎలా ఉందో తెలుస్తుంది అంతే, రెండూ పక్కపక్కన పెడితే ఏది పోయింది, ఏది కొత్తగా వచ్చింది, ఏది పక్కకి జరిగింది అన్నీ బయటపడతాయి.

నేను ఇలా వెతికింది నది ఒడ్డున ఉన్న ఒక చిన్న రైల్వే టౌన్ గురించి. అక్కడ అన్నిటికంటే పాత బిల్డింగులున్న వీధి, అన్నిటికంటే వెడల్పైన వీధి, తిన్నగా నది దాకా వెళ్లి ఒడ్డున ఆగిపోతుంది. బ్రిడ్జి ఏమో అక్కడెక్కడా లేదు, చాలా పైకి వెళ్తే గానీ రాదు. ఎక్కడికీ పోని వీధిని అంత వెడల్పుగా ఎందుకు వేశారు అనేది అక్కడ నిలబడి ఎంత చూసినా అర్థం కాలేదు. పాత షీట్ జూమ్ చేసి చూస్తే సరిగ్గా ఆ వీధి చివర నదికి అడ్డంగా సన్నటి గీత ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో ఫెర్రీ అని రాసుంది, అవతలి ఒడ్డున కూడా సరిగ్గా దానికి ఎదురుగానే ఒక రోడ్డు మొదలవుతోంది. అంటే ఆ వీధి అక్కడ ఆగిపోవడం లేదన్నమాట, పడవ మీద అవతలికి వెళ్తోంది. తర్వాతి షీట్‌లో బ్రిడ్జి వచ్చేసింది, ఫెర్రీ పోయింది, బ్రిడ్జి రోడ్డు పొడుగునా బిల్డింగుల నల్ల గుర్తులు వరసగా పుట్టుకొచ్చాయి, పాత వీధిలో మాత్రం దాదాపు ఉన్నవే ఉన్నాయి. ఊరి సెంటర్ ఎటు నుంచి ఎటు జరిగిందో, ఎందుకు జరిగిందో ఆ రెండు కాగితాలే చెప్పేశాయి.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైనది. ఊళ్లో వీధులన్నీ చదరంగం బోర్డులా తిన్నగా ఉంటే ఒక్క సందు మాత్రం మెల్లగా వంపు తిరుగుతూ పోతుంది, దాని పక్కన ఇళ్ల స్థలాలన్నీ ఏటవాలుగా కోసినట్టుంటాయి. పాత షీట్‌లో స్టేషన్ దగ్గర మెయిన్ లైన్ నుంచి విడిపోయి ఒక సైడింగ్ ట్రాక్ అదే వంపులో వెళ్లి ఒక పెద్ద బిల్డింగ్ దగ్గర ఆగుతుంది. రోడ్డైతే మూల దగ్గర టక్కున తిరిగిపోవచ్చు, రైలు అలా తిరగలేదు, దానికి పెద్ద వంపు కావాలి, అందుకే పట్టాలు పీకేశాక కూడా ఆ వంపు స్థలాల హద్దుల్లో అలాగే మిగిలిపోయింది. తర్వాత నడుచుకుంటూ వెళ్లి చూస్తే ఆ సందు రెండు పక్కల పెరళ్ల కంటే కాస్త ఎత్తులో ఉంది, అది పాత రైలు కట్ట, ఒకచోట దాని కింద నీళ్లు పోవడానికి కట్టిన రాతి కల్వర్టు ఇప్పటికీ ఉంది. ఎక్కడ చూడాలో మ్యాప్ చెప్పకపోతే దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అందుకే నా సలహా ఏంటంటే ముందే ఇళ్ల మీద పడకండి. మొదట నీళ్లు చూడండి, తర్వాత రైలు, ఆ తర్వాత రోడ్లు, ఇళ్లు చివర్లో. నీలం గీతలు అంటే వాగులు, కాలవలు, చెరువులు, ఇవి ఊరు ఎక్కడ పుట్టిందో చెప్తాయి, ఇప్పుడు వాన పడితే నీళ్లు నిలిచే చోటు చాలాసార్లు పాత షీట్‌లో నీలంగానే ఉంటుంది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలుపుతూ గీసిన గోధుమ రంగు కాంటూర్ లైన్లు కూడా వదలొద్దు, బిల్డింగులు మారినంత తొందరగా నేల ఎత్తుపల్లాలు మారవు కాబట్టి కొత్త షీట్‌లో ఒకచోట కాంటూర్ల ఆకారం బాగా మారిపోయిందంటే అక్కడ తవ్వకమో, పూడికో, కట్టో ఏదో జరిగి ఉంటుంది. అలాగని ప్రతి చిన్న తేడా నమ్మొద్దు, సర్వే పద్ధతి మారినా గీతలు కాస్త మారతాయి.

తేదీ విషయం మాత్రం చాలా జాగ్రత్తగా చూడాలి. షీట్ అంచుల్లో సర్వే చేసిన సంవత్సరం, ప్రింట్ చేసిన సంవత్సరం, రివైజ్ చేసిన సంవత్సరం వేరువేరుగా ఉండొచ్చు, మీకు పనికొచ్చేది సర్వే సంవత్సరం. ప్రింటింగ్ ఏడాది చూసి అప్పటికి ఈ ఇల్లు ఉంది అని రాసేస్తే లెక్కంతా తప్పుతుంది. అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ షీట్లలో కొన్నిటి మీద ఊదా రంగులో రోడ్లు, బిల్డింగులు కనిపిస్తాయి, అవి విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి తర్వాత కలిపినవి, అంటే ఒకే కాగితం మీద రెండు కాలాలు ఉన్నట్టు, ఇది తెలిస్తే ఆ ఒక్క షీట్ మీదే చాలా పోల్చుకోవచ్చు.

స్కేల్ కూడా అంతే ముఖ్యం. పాత అంగుళం-మైలు షీట్ అంటే 1:63,360, దాంట్లో ఒక మిల్లీమీటర్ అంటే నేల మీద 63 మీటర్లు. అర మిల్లీమీటర్ మందంతో గీసిన రోడ్డు నిజంగా 30 మీటర్ల వెడల్పు ఉండదు కదా, కనపడాలని అలా గీశారు. వివరాలు ఎక్కువ పట్టే 1:24,000 షీట్‌లో ఉన్నది 1:62,500 షీట్‌లో లేదంటే అది అప్పుడు లేదని కాదు, చోటు లేక వదిలేసి ఉండొచ్చు.

ఎక్కడ దొరుకుతాయంటే, యూఎస్‌జీఎస్ వాళ్లు 1884 నుంచి 2006 వరకు అచ్చైన షీట్లు స్కాన్ చేసి టోపోవ్యూ అనే సైట్‌లో ఫ్రీగా పెట్టారు. బ్రిటన్ ఊళ్లకైతే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ సైట్ నిజంగా బంగారం, అక్కడి మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే పాత షీట్లు ఇవాళ్టి శాటిలైట్ ఇమేజ్ పక్కన పెట్టి చూడొచ్చు, ఆరు అంగుళాలకు మైలు స్కేల్‌వి కూడా ఉన్నాయి. ఇండియాకి 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా షీట్లే ఆధారం, అక్షాంశ రేఖాంశాల్లో నాలుగేసి డిగ్రీల బ్లాక్‌కి ఒక నంబర్, దాంట్లో పదహారు అక్షరాలు, ఒక్కో అక్షరంలో మళ్లీ పదహారు షీట్లు, ఇది పట్టుకుంటే మీ ఊరి షీట్ నంబర్ మీరే కనుక్కోవచ్చు. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టిన యూ502 అనే ఇండియా మ్యాపుల సిరీస్ కూడా ఉంది గానీ అది 1:250,000, చిన్న టౌన్‌కి మరీ చిన్నది, రైలు లైన్లు, పెద్ద రోడ్ల వరకే పనికొస్తుంది.

స్కాన్‌ని ఇప్పటి మ్యాప్ మీద కూర్చోబెట్టడానికి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్సర్ ఉంది, ఫ్రీ. షీట్ మూలల్లో అచ్చేసిన అక్షాంశ రేఖాంశాలు వాడితే మంచిది, అవి కట్ అయిపోతే రైలు బ్రిడ్జిలు, పాత రోడ్డు జంక్షన్లు, గుడో చర్చో లాంటివి తీసుకోండి, అది కూడా షీట్ అంతటా చెదిరి ఉండేలా. నది వంపులు మాత్రం తీసుకోవద్దు, నది కదులుతుంది. డేటమ్ కూడా చూసుకోవాలి, అంటే అక్షాంశ రేఖాంశాలు ఏ లెక్క ప్రకారం వేశారో అది, ఎన్ఏడీ27 అనే పాత డేటమ్‌లో ఉన్న అమెరికా షీట్‌ని పట్టించుకోకుండా వాడితే కొన్నిచోట్ల 100 మీటర్ల దాకా పక్కకి పోతుంది, చిన్న ఊళ్లో అది ఒక వీధి తేడా.

మ్యాప్‌లో లేదు కాబట్టి అసలు లేదు అని ఎప్పుడూ అనుకోవద్దండి, ఇది గట్టిగా చెప్తున్నా. యూఎస్‌జీఎస్ షీట్లలో బాగా కిక్కిరిసిన ప్రాంతాన్ని గులాబీ రంగుతో నింపేసి ముఖ్యమైన బిల్డింగులే చూపిస్తారు, అక్కడ వందల మంది బతికిన ఇళ్లు ఒక్కటీ కనపడవు. పేదవాళ్ల గుడిసెలు, తాత్కాలిక షెడ్లు కూడా చాలావరకు మ్యాప్‌కి ఎక్కవు. ఆ ఖాళీ నింపడానికి మనుషులే కావాలి. పాత షీట్‌లో ఊరి ముక్కని పెద్దగా ప్రింట్ తీసి అక్కడి పెద్దవాళ్ల ముందు పెట్టండి. మీ చిన్నప్పుడు ఊరెలా ఉండేది అని ఊరికే అడిగితే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు, మ్యాప్ ముందు పెడితే వేలు పెట్టి చూపిస్తూ ఇక్కడ ఫలానా షెడ్ ఉండేది, ఈ దారిన స్కూల్‌కి వెళ్లేవాళ్లం అని ఒకదాని వెంట ఒకటి చెప్తూనే ఉంటారు, ఇద్దరుంటే వాదించుకుంటారు కూడా. వాళ్లు చెప్పింది చెప్పినట్టు పెన్సిల్‌తో ఆ ప్రింట్ మీదే రాయండి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన వేయండి, ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ ఉంచండి.