అప్‌డేట్ తరువాత ఒత్తులు చెదిరితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: తిరుపతి కోర్టు దగ్గర చిన్న టైపింగ్ సెంటర్ నడుపుతున్నాను. సాయంగా ఒక కుర్రవాడు ఉన్నాడు. ఏడాది చందా కట్టి వాడుతున్న ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఒక అప్‌డేట్ తరువాత పాత తెలుగు దస్తావేజుల ఒత్తులు చెదిరిపోయాయి, కొన్ని ఫైళ్లు తెరుచుకోవడమే లేదు. చాలా పత్రాలు సొంత ఖర్చుతో మళ్లీ టైపు చేసి ఇచ్చాను. షరతులకు ఒప్పుకున్నాను కనుక కంపెనీకి బాధ్యత లేదనీ, దావా వేయాలన్నా బెంగళూరులోనే వేయాలనీ డీలరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: డీలరు మాటలకు భయపడి మీరు వెనక్కి తగ్గనవసరం లేదు.

మీరు వ్యాపారి కనుక వినియోగదారు కారని కంపెనీ ముందుగా వాదిస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) ప్రకారం స్వయం ఉపాధితో జీవనం సాగించడానికి మాత్రమే కొన్నవారు వినియోగదారులే. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును వివరిస్తూ, డబ్బు తీసుకుని ఇతరులకు టైపు చేసిపెట్టేందుకు టైప్‌రైటర్ కొనుక్కున్న మనిషినే ఉదాహరణగా తీసుకుంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడా చెప్పింది. మీ వృత్తికి ఇంతకన్నా దగ్గరి తీర్పు దొరకదు. సాఫ్ట్‌వేర్ వస్తువే కాదని వాదిస్తే, రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ వస్తువేనని 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన అమ్మకం పన్ను కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చందా కనుక సేవ అంటే, సేవాలోపానికి సెక్షన్ 2(11) ఉంది.

బెంగళూరు వెళ్లే పని లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా స్వయంగా పనిచేసుకునే చోట ఫిర్యాదు చేయవచ్చని సెక్షన్ 34 చెబుతుంది కనుక, తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. అయితే షరతులే అన్యాయమైనవని ప్రకటించమని అక్కడ కోరకండి; ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌ది. సేవాలోపం మీదనే నిలబడి, చందా సొమ్ము వాపసు, మళ్లీ టైపు చేయించిన ఖర్చు అడగండి. మానసిక వేదన పేరిట లక్షలు కోరిన ఫిర్యాదుల కన్నా బిల్లులతో లెక్క చూపినవే నిలుస్తాయని నా అభిప్రాయం.

అసలు బలం సాక్ష్యంలో ఉంది. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించే ముందే, చెడిన ఫైళ్లను విడిగా నకలు తీసి, వాటి జోలికి వెళ్లకుండా భద్రపరచండి. ఒకప్పుడు సరిగా అచ్చయిన కక్షిదారు ప్రతినీ, అదే ఫైలు నుంచి ఇప్పుడు తీసిన ప్రింటునూ పక్కపక్కన పెట్టినప్పుడు, అక్షరం కింద ఉండవలసిన ఒత్తు పక్కకు జరిగిపోవడం, సర్వే నంబర్ల పట్టిక కూలిపోవడం కమిషన్ సభ్యుల కంటికే కనిపిస్తాయి. అందులోని కక్షిదారుల పేర్లు, ఆధార్ నంబర్లు తప్పక కొట్టివేయండి. అవి మీ దగ్గర నమ్మకంతో పెట్టినవి. స్క్రీన్‌షాట్లకు, డీలరుతో జరిగిన వాట్సాప్ సంభాషణకు భారతీయ సాక్ష్య అధినియమం 2023, సెక్షన్ 63 ప్రకారం, అవి ఏ పరికరం నుంచి ఎలా తీసినవో తెలిపే ధ్రువపత్రం జతచేయాలి.

కంపెనీకీ డీలరుకూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజుల గడువు ఇవ్వండి. జవాబు రాకపోతే ఫిర్యాదు దాఖలు చేయండి. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము ఉండదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ఇచ్చే రెండేళ్ల గడువు వివాద కారణం పుట్టిన నాటి నుంచి నడుస్తుంది కనుక, అప్‌డేట్ పడిన తేదీని ఇప్పుడే రాసిపెట్టుకోండి.