సోలార్ రోబోతో డాబా మీదే ఉంటున్నాడు, ఏ బ్రాంచిలో చేర్చాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఈఏపీసెట్ దగ్గర పడుతుంటే అరచేతి అంత సోలార్ రోబో పట్టుకుని డాబా ఎక్కుతున్నాడు. అది బెత్తెడు కదిలి ఆగిపోతుంది. బ్యాటరీ వేయరా అంటే వినడు. విసుగొచ్చి పారేస్తానని కూడా అన్నాను. రోబోటిక్స్ బీటెక్ చేస్తానంటున్నాడు. అది మంచిదా, ఈసీఈ, సీఎస్‌ఈ లాంటివి మంచివా?

జవాబు: మీరు అడిగింది బ్రాంచి గురించే అయినా, పిల్లాడు చేతికి అందకుండా పోతాడేమోనన్న భయమే ఎక్కువ కనిపిస్తోంది. అలాంటిదేమీ లేదండీ.

ఆ బండి ఆగిపోవడం లేదు, కూడబెట్టుకుంటోంది. అంత చిన్న సోలార్ సెల్ ఎండలో ఇచ్చేది కొద్ది మిల్లీ ఆంపియర్లు. మోటార్ తిరగాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే వచ్చిన కరెంటును కెపాసిటర్లో పోగుచేసి, వోల్టేజి ఒక హద్దుకు చేరగానే ఒక్కసారిగా మోటార్‌కి వదులుతారు. సన్నగా కారే కుళాయి కింద బిందె పెట్టి, నిండాక గుమ్మరించినట్టు. 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ 3 వోల్టులకు నిండితే అందులో ఉండేది 21 మిల్లీజౌళ్లే. పెన్‌సైజు రీచార్జి సెల్లులో వేల జౌళ్లుంటాయి. కానీ ఆ సెల్లు కొన్ని వందల సార్లు చార్జి చేసేసరికి నీరసిస్తుంది. మంచి కెపాసిటర్ లక్షల సార్లు నిండి ఖాళీ అయినా తట్టుకుంటుంది. మీవాడు బ్యాటరీ వద్దన్నది మొండితనంతో కాదు.

కెపాసిటర్లో దాగే శక్తి సగం సీవీ స్క్వేర్ అని ఈ ఏడాది ఫిజిక్సులోనే ఉంది. ర్యాంకు కోసం చదవమంటున్న పాఠాన్నే వాడు ఎండలో నడిపించి చూస్తుంటే, పారేస్తానంటారా? ఆ మాట వెనక్కి తీసుకోండి. వాడికి చెప్పి మరీ తీసుకోండి.

ఇక రోబోటిక్స్ బీటెక్. దాని మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. రోబోలో మోటార్లు ఎలక్ట్రికల్, కీళ్లు మెకానికల్, బుర్ర కంప్యూటర్ వాళ్ల పని. నాలుగేళ్లలో అన్నీ తలా కాస్త రుచి చూపిస్తే ఏదీ చేతికి పట్టుబడదు. ఎంటెక్ సీట్లకు, కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకు చూసే గేట్ పరీక్షలో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్ పేపర్లున్నాయి గానీ రోబోటిక్స్ పేరుతో పేపర్ లేదు. స్టీల్ ప్లాంటు, డాక్‌యార్డు ఉన్న ఊళ్లో ఉంటూ ఈ సంగతి పక్కన పెట్టలేం. ఒక కాలేజీలో నేనే చూశాను: రోబో చేయికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఫీజు కట్టేముందు ల్యాబ్ తెరిపించండి. బల్లల మీద సోల్డరింగ్ మరకలు కనిపిస్తే అప్పుడు ఆలోచించండి.

నా ఓటు ఈఈఈకి, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచికి, తర్వాత ఈసీఈకి. సీఎస్‌ఈ వాడు అడగలేదు, మీరూ బలవంతపెట్టకండి. పరీక్షలయ్యేదాకా డాబా మీద రోజుకో గంట చాలని ఒప్పందం చేసుకోండి.

ఈ ఆదివారం మీరూ డాబా ఎక్కండి. 4700 మైక్రోఫారడ్ బదులు 1 ఫారడ్ సూపర్ కెపాసిటర్ పెడితే ఏమవుతుందిరా అని అడగండి. 5 మిల్లీ ఆంపియర్లతో మొదటిది 3 సెకన్లలో నిండుతుంది, రెండోదానికి 10 నిమిషాలు పడుతుంది. ఆ లెక్క వాడి నోటే వినండి.