బిడ్డ సీనియర్ ప్రాజెక్టు, ఊరి బడి, విరాళాల దారి

ప్రశ్న: అక్కా, మేం హనుమకొండ నుంచి న్యూజెర్సీకి వచ్చి ఏడాది దాటింది. మా బిడ్డ ఇప్పుడు పన్నెండో తరగతి. స్కూల్లో సీనియర్ ప్రాజెక్టు తప్పనిసరంట. పరకాల దగ్గర మా అమ్మవాళ్ళ ఊర్లో సర్కారు బడి ఉంది, దానికి పైసలు జమ చేసి పంపుతానంటోంది. వాళ్ళ నాన్న పదివేల డాలర్లు టార్గెట్ పెట్టుకోమంటున్నాడు. ఇది మంచి ప్రాజెక్టేనా? నేనూ, బిడ్డా మా ఆయన ఉద్యోగ వీసా వెంట కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నాం. దాంతో ఏమన్నా ఇబ్బంది ఉంటదా?

జవాబు: చెల్లె, మీ బిడ్డకు అమ్మమ్మ ఊరి బడి మీద మనసు పోయిందంటేనే నాకు సంతోషంగా ఉంది. ఆ మనసును కాపాడుకోవాలంటే ముందు పదివేలనే అంకెను పక్కన పెట్టండి. ఎంత జమ చేయాలన్నది తర్వాత. జమైన పైసలు ఎవరి చేతికి, ఏ దారిలో చేరతాయో తేల్చుకున్నాకే ప్రాజెక్టు ఖాయం చేసుకోండి. మనవాళ్ళు చాలామంది ఉత్సాహంగా జమ చేస్తారు, పంపే రోజు వచ్చాక దారి వెతుక్కుంటారు.

సీనియర్ ప్రాజెక్టుకు ఏ స్కూలు పద్ధతి దానిది. మామూలుగా పిల్ల ఒక విషయం ఎంచుకుని, దాని గురించి చదివి పేపరు రాయాలి. కొన్ని గంటలు బయట పనిచేయాలి, ఒక మెంటర్ దగ్గర సలహా తీసుకోవాలి, చివరికి నలుగురు పెద్దల ముందు నిలబడి చేసిందంతా చెప్పాలి. మార్కులు ఎట్లా వేస్తారో చెప్పే రూబ్రిక్‌ను స్కూలు కౌన్సిలర్ దగ్గర అడిగి తెచ్చుకోండి. నేను చూసిన వాటిలో ప్లానుకు, రికార్డుకు, నేర్చుకున్నదానికి మార్కులున్నాయి, జమైన మొత్తానికి లేవు. అందుకని తండ్రి చెక్కు రాసిచ్చి టార్గెట్ నింపితే బిడ్డకు ఒరిగేదేమీ లేదు. కాలేజీ అడ్మిషన్ కోసమని కూడా దీన్ని ఎంచుకోకండి. అప్లికేషన్లు నవంబర్ మొదటి వారం నుంచి జనవరి మొదటి వారం లోపలే చాలావరకు వెళ్ళిపోతాయి. ప్రాజెక్టు అసలు పని ఎండాకాలం ముందు దాకా నడుస్తూనే ఉంటుంది.

ఇక అసలు ముడి దగ్గరికి వద్దాం. విదేశాల నుంచి ఇండియాకు వచ్చే విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం ఉంది. 2010లో వచ్చింది, 2020లో సవరించి బాగా బిగించారు. అమెరికా పౌరులు ఇచ్చిన పైసలను ఇండియాలో ఒక సంస్థ తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. ఆ పైసలు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు ఇవ్వడం కూడా 2020 సవరణతో ఆగిపోయింది. ‘హైదరాబాద్‌లో పెద్ద ఎన్జీవోకు పంపితే వాళ్ళే మన ఊరి ట్రస్టుకు ఇస్తారులే’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆఫీసు ఖర్చులకు వాడుకునే వాటాను కూడా యాభై శాతం నుంచి ఇరవైకి తగ్గించారు.

మీరు, మీ ఆయన ఇండియా పాస్‌పోర్టు మీదే ఉన్నారు. మీ సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చుకునేది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ క్లాస్‌మేట్ల తల్లిదండ్రులు ఇచ్చేది, ఇక్కడి పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్ళు ఇచ్చేది వస్తుంది. అందరివీ మీ ఆయన ఖాతాలోకి జెల్, వెన్మో లాంటి పైసలు పంపే యాప్‌లలో తీసుకుని, అన్నీ మావే అన్నట్టు ఊరికి పంపే పని మాత్రం దయచేసి చేయకండి. బిడ్డ ప్రాజెక్టు పేరుతో అట్లాంటి లెక్క ఇంట్లోకి రానివ్వద్దు.

నా సలహా ఏమిటంటే రెండింటినీ విడదీయండి. నలుగురి దగ్గర జమ చేసేది ఇక్కడ 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా రిజిస్టరై, తెలంగాణ సర్కారు బళ్ళలో ఇప్పటికే పనిచేస్తున్న సంస్థకు పోవాలి. ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో సంస్థ పేరుతో వెతికితే గుర్తింపు ఉందో లేదో తెలుస్తుంది. ఇండియాలో దాని భాగస్వామికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉందా అని మీ బిడ్డే మెయిల్ రాసి అడగాలి. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలే ప్రాజెక్టు ఫైల్లో మంచి కాగితాలవుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. మనవాళ్ళు పనిచేసే చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన విరాళానికి సమానంగా తామూ కలుపుతాయి. గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తేనే ఆ సౌకర్యం. మీ అమ్మవాళ్ళ ఊరి బడికి ఇచ్చేది మాత్రం మీ ఇంటి పైసలే కావాలి, చిన్న మొత్తమైనా సరే.

ఆ బడికి ఏం కావాలో కనుక్కునే పని పూర్తిగా బిడ్డకు వదిలేయండి. మా ఊరి వైపు ఒక బడికి ఎవరో మంచి మనసుతో కంప్యూటర్లు ఇచ్చారు. పెట్టిన గదిలో ఒక్కటే ప్లగ్ పాయింటు. వైరింగ్ చేయించడానికి పైసల్లేక ఆ గదికి తాళం పడింది. అదే బడిలో ఆడపిల్లల టాయిలెట్ తలుపుకు గడియ లేదు. ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడేది. హెడ్మాస్టరును గానీ, బడి కమిటీలో ఉన్న తల్లులను గానీ అడిగి ఉంటే ముందు గడియ సంగతే చెప్పేవాళ్ళు.

కాబట్టి బిడ్డతో ఫోన్ చేయించండి. ఇక్కడ చలికాలంలో రాత్రి పదిన్నర అయితే అక్కడ పొద్దున తొమ్మిది, ప్రార్థన మొదలయ్యే ముందు సార్ దొరుకుతారు. బతుకమ్మ రోజుల్లో దసరా సెలవులుంటాయి, అప్పుడు ఎవరూ దొరకరు. ఏప్రిల్ చివరికల్లా బడి మూసేస్తారు, మళ్ళీ తెరిచేది జూన్‌లోనే. కొన్నవి బడికి చేరాలంటే మార్చి లోపే చేర్చేట్టు ప్లాన్ వేసుకోవాలి. ‘తెలంగాణలో విద్య’ అని పెద్ద పేరు పెట్టకుండా, ఒక్క బడిలో ఒక్క అవసరం ఎంచుకుంటే ఆ పిల్ల చివరిదాకా కళ్ళతో చూసి రాయగలదు.

జమ చేసే చోటు గురించి కూడా చెబుతాను. మన సంఘాలు పెట్టే బతుకమ్మ ఆటలే దీనికి సరైన వేదిక. నిర్వాహకులను ముందే అడిగి ఒక టేబుల్ తీసుకోండి. పైసల డబ్బా దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి. ఇచ్చినవాళ్ళ పేరు, మొత్తం పుస్తకంలో రాయాలి. ఆట అయిపోగానే ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంతకం చేసి, కవరు అతికించి ఆ రాత్రే సంస్థ బాధ్యుల చేతికివ్వాలి. ఇంటికి తీసుకుపోయి రేపు చూద్దామనుకోవద్దు. లాటరీ టికెట్ల లాగా రాఫిల్ పెట్టాలనుకుంటే న్యూజెర్సీలో లైసెన్సు కావాలి, దాని జోలికి పోకపోవడమే మంచిది.

సంక్రాంతికి సకినాలు చేసి అమ్ముదామని మీకే అనిపిస్తుంది. చేయండి, నాకూ ఇష్టమే. కానీ స్కూలు ఆవరణలో బడి వేళల్లో అమ్మే తినుబండారాలకు పోషకాహార నిబంధనలున్నాయి, నూనెలో గోలించినవి వాటికి సరిపోవు. చివరి గంట కొట్టిన అరగంట తర్వాతే ఆ నిబంధన వర్తించదు. స్కూలు అనుమతి మాత్రం అప్పుడూ కావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి నువ్వులు. 2023 జనవరి నుంచి అమెరికాలో నువ్వులను ప్రధాన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు. సకినంలో నువ్వులు, వాము లేకుండా ఎట్లా? ప్రతి ప్యాకెట్ మీద బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు, నూనె అని స్పష్టంగా రాసి అతికించండి. తెలియని పిల్ల తిని దవాఖాన పాలైతే ఆ బాధ జన్మంతా ఉంటుంది.

విరాళం అడగడం బిడ్డకు ఇబ్బందిగా ఉంటే ఇంకో దారి ఉంది. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ళ జంపఖానాలు, చేర్యాల నకాషీ బొమ్మలు కొని ఇక్కడ అమ్మొచ్చు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేతగానికి పోయేది సరుకు ధర, విరాళం కాదు కాబట్టి ఎఫ్‌సీఆర్‌ఏ చిక్కు ఉండదు. మిగిలిన లాభం ఇక్కడి ఫుడ్ బ్యాంకుకు ఇవ్వొచ్చు. జంపఖానాలు బరువు, కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం ముందే కనుక్కోండి. చేర్యాల బొమ్మలు తేలిక.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన బడి పిల్లలను వరుసగా నిలబెట్టి, చేతుల్లో బ్యాగులు పెట్టి ఫోటోలు తీయించకండి. ప్రెజెంటేషన్లో ఆ ఫోటో చూసి ఇక్కడివాళ్ళు చప్పట్లు కొడతారు, అక్కడ ఆ పిల్ల మాత్రం ఎవరికో చూపించే పేదపిల్ల అయిపోతుంది. మీ బిడ్డ కూడా రెండేళ్ళ కింద హనుమకొండలో అట్లాంటి యూనిఫాంలోనే ఉంది కదా. గడియ బిగించిన తలుపు, పుస్తకాల అల్మారా, హెడ్మాస్టరు ఇచ్చిన రసీదు, ఈ ఫోటోలు చాలు.

హెచ్-4 సంగతి. జీతం, ప్రతిఫలం ఏమీ లేకుండా ఒక సేవాసంస్థకు వాలంటీరుగా చేయడానికి అడ్డు లేదు. అమ్మకం మీ పేరు మీద, మీ బిడ్డ పేరు మీద నడవకూడదు. స్కూలు క్లబ్బు గానీ, ఆ 501(సి)(3) సంస్థ గానీ తన పేరు మీద అమ్మాలి, పైసలు నేరుగా వాళ్ళ ఖాతాకే పోవాలి, మీరిద్దరూ చేతిసాయం మాత్రమే చేయాలి. మీకేదన్నా అనుమానముంటే మీ ఆయన కంపెనీ ఇమిగ్రేషన్ లాయరును ఒక మెయిల్‌తో అడగండి. మెంటరుగా సొంతవాళ్ళను చాలా స్కూళ్ళు ఒప్పుకోవు. మీ ఊరి తెలుగు సంఘంలో కోశాధికారిగా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను ఈ నెలలోనే అడిగిపెట్టుకోండి.