ప్రైవేట్ ఈక్విటీ అంటే షేర్ మార్కెట్టేనా?

గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు: "అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. ప్రైవేట్ ఈక్విటీలోకి వెళ్తానంటోంది. ఇది షేర్ మార్కెట్ లాంటిదేనా? మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుకి అరవై వేలు అడుగుతున్నారు, కట్టమంటారా?"

కట్టకండి సార్. మూడు నెలల సర్టిఫికెట్ చూసి ఈ రంగంలో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

ఇక మీ మొదటి ప్రశ్న. షేర్ మార్కెట్‌లో పొద్దున కొని సాయంత్రం అమ్మేయొచ్చు, ఇక్కడ అలా కుదరదు. ప్రైవేట్ ఈక్విటీ సంస్థలవాళ్లు పెన్షన్ ఫండ్లు, బీమా కంపెనీలు, బాగా డబ్బున్న కుటుంబాల దగ్గర డబ్బు సేకరించి (మన దేశంలో ఇలాంటి ఫండ్‌లో పెట్టాలంటే మామూలుగా కనీసం కోటి రూపాయలుండాలి), ఎక్కువగా మార్కెట్‌లో లిస్టు కాని కంపెనీల్లో పెద్ద వాటా కొని, బోర్డులో కూర్చుని, కొన్నేళ్లపాటు కంపెనీని పెంచి, ఆ తర్వాత ఐపీఓలోనో (కంపెనీ షేర్లను తొలిసారి జనానికి అమ్మడం) ఇంకొకరికో వాటా అమ్ముకుని బయటికొస్తారు. మీ పక్కనే ఉన్న గంగవరం పోర్టునే చూడండి. అందులో వార్‌బర్గ్ పింకస్ అనే అమెరికా ప్రైవేట్ ఈక్విటీ సంస్థకు 31.5 శాతం వాటా ఉండేది, 2021లో దాన్ని అదానీ పోర్ట్స్ రూ.1,954 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది.

కాబట్టి ఇందులో అసలు పని రోజూ ధరలు చూడడం కాదు. ఒక్కో కంపెనీ లెక్కలు నెలల తరబడి తవ్వి, ఎక్కడ మునిగిపోవచ్చో ముందే పట్టుకోవాలి. అమ్మాయికి ఆ ఓపిక ఉందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. పరవాడలో ప్లాంట్లున్న లారస్ ల్యాబ్స్ అనే ఫార్మా కంపెనీలో ఇదే వార్‌బర్గ్ 2014లో పెట్టుబడి పెట్టింది, 2016 డిసెంబరులో ఐపీఓ వచ్చింది. ఆ ఐపీఓ ప్రాస్పెక్టస్ (కంపెనీ తన లెక్కలు, రిస్కులు అన్నీ చెప్పే పత్రం) నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, వందల పేజీలు. చదవమనండి.

దారి విషయం దాచకుండా చెప్తాను. బీకాం అవ్వగానే నేరుగా తీసుకునేవాళ్లు దాదాపు లేరు. సీఏ గానీ మంచి ఐఐఎంలో ఎంబీఏ గానీ చేసి, రెండు మూడేళ్లు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులోనో పెద్ద ఆడిట్ సంస్థల్లో కంపెనీల కొనుగోళ్లు చూసే డీల్ టీముల్లోనో పనిచేశాక ఇటు వస్తారు. ఉద్యోగాలు ఎక్కువగా ముంబైలోనే, కాబట్టి అమ్మాయి వైజాగ్ వదిలి వెళ్లడానికి మీరు కూడా సిద్ధపడాలి.

నన్నడిగితే సీఏ. బీకాంలో 55 శాతం వస్తే సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్‌లో చేరొచ్చు. ఆర్టికల్‌షిప్ (సీఏలో భాగంగా రెండేళ్లు చేయాల్సిన ప్రాక్టికల్ శిక్షణ) మాత్రం ఫార్మా, రొయ్యల ఎగుమతి, పోర్టు కంపెనీల ఆడిట్ చేసే ఫర్మ్‌లో అడగాలి, జీఎస్టీ రిటర్నులు మాత్రమే వేయించే చోట చేరితే ఆ రెండేళ్లూ వృథా. రేపు ప్రైవేట్ ఈక్విటీ రాకపోయినా సీఏ చేతిలో ఉంటుంది.

ముందు ఆ ప్రాస్పెక్టస్‌లో రిస్కుల భాగం పూర్తి చేయమనండి. అది చదివాక కూడా ఉత్సాహం తగ్గకపోతే అమ్మాయినే నాకు రాయమనండి, ఏ తరహా ఫర్మ్‌లో అడగాలో తనతోనే మాట్లాడతాను.