పోతి వేరు, పోతాంటి వేరు

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఫ్రెంచ్ డెల్ఫ్ ఎ2 పరీక్షకు సొంతంగా ప్రిపేర్ అవుతున్నా. ఆఁపర్‌ఫే, పాసే కోఁపోజే రెండూ గతమే కదా, ఏది ఎక్కడ వాడాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంగ్లీషులో ‘వాజ్’ వచ్చే చోటల్లా ఆఁపర్‌ఫే పెట్టమని ఫ్రెండ్ చెప్పింది. ‘రెండేళ్ళు కర్నూల్లో ఉన్నాను’ అనడానికి ‘జెతే’ అని ఆఁపర్‌ఫేలో రాస్తే మాక్ టెస్టులో కొట్టేశారు. ఎందుకు?

జవాబు: ఆ ‘వాజ్’ సూత్రం ముందు పక్కన పెట్టమ్మా. ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచ్‌కి పోవడమంటే అనంతపురం నుంచి కడపకి హైదరాబాద్ మీదుగా పోయినట్టు. నీకు కావాల్సింది మీ అవ్వ మాటల్లోనే ఉంది. ‘నిన్న సంతకు పోతి’ అంటుంది, ‘చిన్నప్పుడు బడికి నడిచి పోతాంటి’ అంటుంది. పోతి అంటే పోయాను, ఒకసారి, పని అయిపోయింది. అది పాసే కోఁపోజే: ‘జ స్వీజాలే’. పోతాంటి అంటే రోజూ పోయేదాన్ని అని ఒక అర్థం, ‘నేను పోతాంటే కుక్క అడ్డమొచ్చె’ అన్నప్పటిలా పోతూ ఉన్నాను అని ఇంకో అర్థం. ఫ్రెంచ్ ఆఁపర్‌ఫే ‘జాలే’ కూడా అచ్చం ఈ రెండు పనులూ చేస్తుంది. పుస్తకాల తెలుగులో వీటికి ‘పోయేదాన్ని’, ‘పోతున్నాను’ అని వేరే రూపాలున్నాయి, ఇంగ్లీషులోనూ అంతే, మన సీమ మాటలో మాత్రం ఒక్కటే సరిపోతుంది. యాసని వెక్కిరించేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంటుంది నాకు.

ఇక నీ వాక్యం. రెండేళ్ళు అని కొలత చెప్పేశావు, అంటే మొదలూ చివరా కనబడుతున్నాయి, అందుకే ‘జే అబితే దజాఁ ఆ కర్నూల్’ అనాలి. రెండేళ్ళు, మూడు గంటలు, నాలుగుసార్లు అని లెక్క కట్టేస్తే సాధారణంగా పాసే కోఁపోజేనే. ‘అప్పట్లో కర్నూల్లో ఉంటాంటిమి’ అని లెక్క లేకుండా చెబితే ‘నూ జాబిత్యోఁ’, అది ఆఁపర్‌ఫే.

కథ చెప్పేటప్పుడు రెండూ కలిసి వస్తాయి. 2009 అక్టోబరులో కర్నూలుకి వరద వచ్చినప్పటి సంగతి నా క్లాసులో ఎప్పుడూ చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఆ కథ లేని ఇల్లు దొరకడం కష్టం. చీకటిగా ఉంది, ‘ఇల్ ఫెజే న్వార్’. కరెంటు లేదు. జనం మిద్దెల మీద ఉన్నారు, ‘లే జాఁ ఎతే స్యుర్ లే త్వా’. నీళ్ళు పెరుగుతున్నాయి, ‘లో మోఁతే’. ఇదంతా ఆఁపర్‌ఫే, కథ ఇంకా కదల్లేదు, చుట్టూ ఏముందో చూపిస్తున్నాం అంతే. అప్పుడు గోడ కూలింది: ‘అఁ మ్యుర్ ఎ తోఁబే’. కదిలింది, పాసే కోఁపోజే వచ్చింది. ‘ఉండు’ అనే మాట దగ్గర మాత్రం మన పోతి-పోతాంటి కొలత అన్నిసార్లూ పనిచేయదు, ‘మిద్దె మీద ఉంటిమి’ అని రెండు చోట్లా అంటాం కదా, అక్కడ నీకు నువ్వే అడుక్కో: తర్వాత ఏం జరిగిందో చెబుతున్నానా, అప్పుడు ఎట్లా ఉండిందో చెబుతున్నానా?

రూపాలు కట్టడం చాలా సులువు. వర్తమానంలో ‘నూ’ (మేము) రూపం తీసుకో, చివర ‘ఓఁ’ కొట్టెయ్. నూ పార్లోఁ నుంచి పార్ల్, నూ ఫినిసోఁ నుంచి ఫినిస్, నూ ప్రెనోఁ నుంచి ప్రెన్. వాటికి ప్రత్యయాలు తగిలించు: జ (నేను), త్యు (నువ్వు) లకు ఎ-ఐ-ఎస్, ఇల్ (అతను)కి ఎ-ఐ-టి, నూకి ఐ-ఓ-ఎన్-ఎస్, వూ (మీరు)కి ఐ-ఇ-జెడ్, బహువచనం ఇల్ (వాళ్ళు)కి ఎ-ఐ-ఇ-ఎన్-టి. ఈ దారి తప్పేది ఉండడం అనే ఒక్క ‘ఎత్ర్’ మాత్రమే, దాని ‘నూ సొమ్’లో కొట్టేయడానికి ‘ఓఁ’ లేదు కాబట్టి ‘ఎత్’ అనే మొదలు విడిగా గుర్తుపెట్టుకోవాలి. స్పెల్లింగులో ఒక చిక్కు: తినడం అనే ‘మాఁజే’లో జి తర్వాత ఇ అక్షరం జ, త్యు, ఇల్ రూపాల్లో ఉంటుంది, నూ మాఁజ్యోఁలో ఉండదు. చదవడం అనే ‘ఎత్యుద్యే’కి నూ రూపంలో రెండు ఐలు పక్కపక్కనే వస్తాయి, చూడ్డానికి అచ్చుతప్పులా ఉంటుంది, కాదు.

అసలు దెబ్బ వినడంలో పడుతుంది. జ, త్యు, రెండు ఇల్‌లూ, నాలుగింటి ప్రత్యయాలూ ఒకేలా ‘ఏ’ అని పలుకుతాయి. పైగా ‘జ మాఁజే’ అంటే తింటాంటి, ‘జే మాఁజే’ అంటే తింటి. తేడా అంతా మొదటి అక్షరంలోనే! చివర్లో కూడా సన్నని తేడా ఉంటుంది గానీ దాని కోసం చెవులు చించుకోకు, మొదటి ముక్కే పట్టుకో.

ప్రశ్న: కడప నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి ఫ్రాన్స్‌లో పీజీ చేస్తున్నాడు, వాడితో మాట్లాడదామని నేనూ నేర్చుకుంటున్నా. ‘డబ్బుంటే బైకు కొంటాను’ అనడానికి ‘సి’ (ఇంగ్లీషు ‘ఇఫ్’) తర్వాత ఆఁపర్‌ఫే అంటున్నారు. ఇందులో గతం ఎక్కడుందండీ?

జవాబు: లేదండీ. ‘సి జావే ద లార్జాఁ, జాషెత్రే యూన్ మొతో’. ఇక్కడ ఆఁపర్‌ఫే కాలం చెప్పడంలేదు, చేతిలో డబ్బు లేదని చెబుతోంది. మనమూ ‘డబ్బుంటే ఈపాటికి కొనేవాణ్ణి’ అంటాం, ‘రోజూ కొనేవాణ్ణి’ అనే గతపు రూపమే కదా అది. మనం దాన్ని రెండో ముక్కలో పెడతాం, వాళ్ళు మొదటి ముక్కలో పెడతారు. వాళ్ళ రెండో ముక్కలో వచ్చేది కోఁదిస్యోనెల్, అంటే ‘అలా ఉంటే ఇలా చేద్దును’ అనే రూపం, దాని ప్రత్యయాలూ ఆఁపర్‌ఫేవే, ముందు ఒక ‘ర్’ వినిపిస్తుంది. ఇలాంటి వాక్యంలో ‘సి’ పక్కన ఆ ‘రే’ పెట్టకండి, అక్కడి బళ్ళలో చిన్నపిల్లలకే దీనికి చీవాట్లు పడతాయి.

ఇంకో వాడుక మీకు వెంటనే పనికొస్తుంది. ‘సి ఓన్ ఆలే బ్వార్ అఁ తే?’ టీ తాగను పోతే ఎట్లుంటాది, అని. ఈసారి వీడియో కాల్‌లో అబ్బాయిని ఇట్లా పిలిచి చూడండి.