రెండుసార్లు గ్యాస్ నింపినా కారు ఏసీ చల్లబడలేదు, బిల్లు లేకుండా కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఏప్రిల్‌లో విజయవాడ వెళ్లినప్పుడు కారు ఏసీ చల్లగా రావడం లేదని అక్కడి గ్యారేజీలో చూపించాను. 'గ్యాస్ అయిపోయింది' అని నింపి రూ.2,500 తీసుకున్నారు. మూడు వారాలకే మళ్లీ వేడిగాలి. తిరిగి తీసుకెళ్తే మళ్లీ నింపి, మళ్లీ అంతే తీసుకున్నారు. అదీ నెల నిలవలేదు. ఇప్పుడు కూలింగ్ కాయిల్ లీకవుతోంది, డ్యాష్‌బోర్డు విప్పాలి, 14 వేలవుతుందంటున్నారు. నేను ఒప్పుకోకపోతే చెకింగ్ చార్జి రూ.1,000 కట్టందే బండి ఇవ్వమంటున్నారు. బిల్లులు ఇవ్వలేదు, యూపీఐలో కట్టాను. గోడ మీద 'గ్యాస్‌కు గ్యారంటీ లేదు' అని బోర్డుంది. కేసు నిలుస్తుందా? ఖమ్మంలో వేయొచ్చా?

జవాబు: నిలుస్తుంది. అయితే ఏసీ చల్లబడలేదన్న ఒక్క మాటతో వెళ్లకండి. 'పాత బండి, ఎండలు మండిపోతున్నాయి' అని అవతలివాళ్లు తేలిగ్గా తప్పించుకుంటారు. వాళ్లు చిక్కేది రెండోసారి గ్యాస్ నింపిన దగ్గరే. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. మూడు వారాల్లో పోయిందంటే ఎక్కడో లీకున్నట్టే. అలా తిరిగొచ్చిన బండికి నైట్రోజన్ ప్రెషర్ పెట్టో, యూవీ డై (లీకైన చోట మెరిసి కనిపించే రంగు) వేసో ముందు లీకు వెతకాలి. దాన్ని సరిచేసి, పైపుల్లోని గాలి, తేమ లాగేసి (వాక్యూమ్ చేసి), బానెట్ కింద స్టిక్కర్‌లో ఉన్న గ్రాముల లెక్కన గ్యాస్ ఎక్కించాలి. అవేవీ చేయకుండా డబ్బు తీసుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం సేవాలోపమని గట్టిగా వాదించవచ్చు. మొదటిసారి సంగతి మీద వాదనకు తావుంది. రెండోసారికి వాళ్ల దగ్గర సరైన జవాబు ఉంటుందనుకోను.

ముందు బండి బయటకు తెచ్చుకోండి. ఒప్పుకున్న పని చేసిన మెకానిక్‌కు తన కూలీ అందేదాకా బండి ఆపుకొనే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ఇచ్చింది. మీరు అడగని పనికి అది వర్తించదు. చెకింగ్ చార్జి ముందే చెప్పారా లేదా అని అక్కడ నిలబడి గొడవపడేకంటే, 'అభ్యంతరంతో కడుతున్నాను' అని వాట్సాప్‌లో రాసి ఆ వెయ్యి కట్టేయండి. ఆ మెసేజే రేపు మీకు సాక్ష్యం.

కాయిల్ మాత్రం అప్పుడే మార్పించకండి. లోపం నిరూపించాల్సింది మీరే. పాత కాయిల్ తుక్కులోకి పోతే సాక్ష్యమూ దానితోనే పోతుంది. వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్లో లీక్ టెస్ట్ చేయించి, తేదీ, రీడింగ్, లీకు ఎక్కడుందో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. కాగితం మీద రాసివ్వడానికి చాలామంది మెకానిక్‌లు జంకుతారు, అందుకే బండి ఇచ్చే ముందే మాట్లాడుకోండి. తర్వాత రిపేరు చేయించినా పాత కాయిల్ అడిగి తెచ్చుకుని దాచండి.

బిల్లు లేదని టెన్షన్ వద్దు. బిల్లు ఇవ్వకపోవడమే వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. యూపీఐ చెల్లింపు గ్యారేజీ పేరుకు కాక ఓనరు సొంత పేరుకు వెళ్లి ఉంటే, దాన్ని గ్యారేజీతో కలిపి చూపడానికి చాట్‌లు, కాల్ వివరాలు కావాలి. అవి డిలీట్ చేయకండి, ఫోనూ మార్చకండి. ఇక ఆ బోర్డు సంగతి. మళ్లీ గ్యాస్ తగ్గితే ఉచితంగా నింపబోమని చెప్పుకోవడానికి అది పనికొస్తుందేమో కానీ, లీకు వెతకకుండా డబ్బు తీసుకోవడానికి అనుమతి పత్రం కాదు.

ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. వినియోగదారుడు తాను నివసించే చోట ఫిర్యాదు చేసుకునే వీలు 2019 చట్టం సెక్షన్ 34లో ఉంది. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేయొచ్చు. అంతకుముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, గ్యారేజీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం నోటీసు అడగదు, కానీ దానికి వాళ్లిచ్చే జవాబులో ఒక్కోసారి మనకు కావలసిన ఒప్పుకోలు దొరుకుతుంది. కారును మీరే ట్యాక్సీగా నడుపుకుని బతుకుతున్నా మీరు వినియోగదారుడే.

ఏం అడగాలి? రెండోసారి కట్టిన రూ.2,500, చెకింగ్ చార్జి, లీక్ టెస్ట్ ఖర్చు, కొంత పరిహారం, కేసు ఖర్చులు. కాయిల్ పాడవడానికి వాళ్లే కారణమని టెస్ట్ రిపోర్టులో వస్తే తప్ప ఆ 14 వేలు అడగొద్దు. ఐదు వేల గొడవకు మానసిక వేదన కింద ఐదు లక్షలు రాయించే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. ఆ అంకె చూడగానే కమిషన్‌కు మిగతా ఫిర్యాదు మీదా అనుమానం వస్తుంది.